నిప్పు దీవుల చుట్టూ ఏడు రోజులు

ఆర్మూర్ సిద్దుల గుట్ట బండలు ఎండకూ వానకూ నల్లబడి, ఏదో మంటలో కాలినట్టు కనిపిస్తాయి. వాటిని చూసి ఇక్కడ ఒకప్పుడు అగ్నిపర్వతం ఉండేదేమో అనుకోవడం సహజం. కానీ అవి గ్రానైట్ బండలు. కరిగిన శిల భూమి పైకి రాకుండా లోతులోనే నెమ్మదిగా చల్లారితే గ్రానైట్ అవుతుంది. వీటి వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళు. నిజంగా పైకి ఉబికి పారిన లావాను చూడాలంటే మనం పడమటికి వెళ్ళాలి. బోధన్ దాటి బిచ్కుంద, మద్నూర్, జుక్కల్ వైపు పోతే నేల నల్లరేగడిగా మారుతుంది. ఆ రేగడి కింద ఉన్నది బసాల్ట్, అంటే లావా గడ్డకట్టిన నల్లరాయి.

ఆ లావా సుమారు 6.6 కోట్ల ఏళ్ళ క్రితం, పొర మీద పొరగా పారింది. మహారాష్ట్రలో అధిక భాగాన్ని, మన జిల్లాల పడమటి అంచులనూ కప్పేసింది. నాసిక్ దగ్గర పుట్టిన గోదావరి చాలా దూరం ఆ రాతి మీదుగానే వచ్చి, కందకుర్తి దగ్గర తెలంగాణలో అడుగుపెడుతుంది. శ్రీరాంసాగర్ జలాశయంలో పేరుకున్న పూడికలో ఆ పాత లావా అరిగిన మట్టి ఎంతో ఉంది. అంటే ఆర్మూర్ రైతుకు అగ్నిపర్వతం మరీ పరాయిది కాదు.

ఇంత లావా ఎందుకు పారింది? ఎక్కువమంది భూవిజ్ఞానులు చెప్పే కారణం ఇది. భూమి పైపొర కొన్ని పెద్ద పలకలుగా ఉంటుంది. ఆ పలకలు ఏడాదికి కొన్ని సెంటీమీటర్ల చొప్పున జరుగుతూ ఉంటాయి. వాటి కింద, చాలా లోతులో, అక్కడక్కడా విపరీతమైన వేడి పైకి ఎగదన్నే తావులున్నాయి. వీటిని హాట్‌స్పాట్‌లంటారు. పలక జరుగుతుంది, హాట్‌స్పాట్ దాదాపు ఉన్నచోటనే ఉంటుంది. వెలిగే దీపం మీదుగా కాగితాన్ని మెల్లగా జరిపితే వరుసగా మచ్చలు పడ్డట్టు, పలక మీద వరుసగా అగ్నిపర్వతాలు పుడతాయి.

అప్పట్లో భూమధ్యరేఖకు దక్షిణాన ఉన్న మన పలక అలాంటి ఒక తావు మీదుగా ఉత్తరానికి జరిగింది. దక్కన్ లావా ఆ దారిలో పడ్డ పెద్ద మచ్చ. లక్షదీవులు, మాల్దీవుల అడుగున ఉన్న సముద్రగర్భపు గట్టు దాని కొనసాగింపు. ఆ వరుసలోనే దాదాపు 80 లక్షల ఏళ్ళ క్రితం మారిషస్ పైకి లేచింది. ఆ తర్వాత పుట్టిన రీయూనియన్ దీవిలో పితాన్ ద లా ఫుర్నేజ్ అనే అగ్నిపర్వతం ఇప్పటికీ తరచుగా లావా కక్కుతూనే ఉంది. 19వ శతాబ్దంలో కోరంగి రేవు నుంచి, ఉత్తరాంధ్ర తీరం నుంచి చెరకు తోటల కూలికి ఓడలెక్కిన తెలుగువాళ్ళలో కొందరు దిగింది ఆ మారిషస్‌లోనే. అక్కడ ఉగాదికి ప్రభుత్వ సెలవు ఉంది.

ఇదే పని పసిఫిక్ మహాసముద్రంలో మరోచోట జరుగుతోంది. దక్షిణ అమెరికాలోని ఈక్వడార్ తీరానికి దాదాపు వెయ్యి కిలోమీటర్ల పడమట, భూమధ్యరేఖ మీద గాలపాగోస్ దీవులున్నాయి. పెద్దవి 13, చిన్నాచితకా వందకు పైగా. అక్కడి పలక తూర్పుకు జరుగుతోంది కాబట్టి తూర్పు దీవులు పాతవి, 30–40 లక్షల ఏళ్ళవి. పడమటి అంచున ఉన్న ఫెర్నాండినాకు పది లక్షల ఏళ్ళు కూడా నిండలేదు. అందులోని లా కుంబ్రే అగ్నిపర్వతం 2024 మార్చిలో కూడా లావా కక్కింది.

ఈ దీవుల చుట్టూ పడవలో వారం రోజులు తిరగడం ఇప్పుడు పెద్ద యాత్ర. ఆర్మూర్ చుట్టుపక్కల ఊళ్ళలో అమెరికాలో పిల్లలున్న ఇళ్ళు చాలా ఉన్నాయి. అక్కడి నుంచి ఈ యాత్రకు పోయేవాళ్ళలో మనవాళ్ళూ ఉంటారు. వారం ఎందుకు, పడవ ఎందుకు అన్నది ముందుగా తెలుసుకోవాలి. చూడదగ్గ దీవుల్లో చాలావాటి మీద ఊళ్ళు లేవు, బస లేదు, కొన్నిచోట్ల తాగడానికి మంచినీళ్ళు కూడా దొరకవు. దీవికీ దీవికీ మధ్య రాత్రంతా పట్టే దూరం. అందుకే పడవే బస. రాత్రి మనం నిద్రపోతుంటే అది నడుస్తుంది. పొద్దున ఒక దీవి దగ్గర, మధ్యాహ్నం మరో తావు దగ్గర లంగరు వేస్తుంది. అక్కడి నుంచి చిన్న రబ్బరు పడవలో ఒడ్డుకు చేరుస్తారు. కొన్నిచోట్ల బండ మీదికి దిగవచ్చు, కొన్నిచోట్ల మోకాలి లోతు నీళ్ళలో దిగి నడవాలి. చీకటి పడేలోపు అందరూ పడవెక్కాల్సిందే.

ఒడ్డున ముందుగా కనిపించేది సముద్రపు ఇగువానా. మన తొండ జాతికి దూరపు చుట్టం. నల్లటి లావా బండ మీద వందల కొద్దీ ఒకదానిమీద ఒకటి పడి ఎండ కాచుకుంటాయి. రాయేదో, జంతువేదో మొదట పోల్చుకోలేం. బల్లి, తొండ జాతుల్లో సముద్రంలో మునిగి నాచు మేసి బతికేది ప్రపంచం మొత్తంలో ఇదొక్కటే. మేతతో పాటు ఉప్పూ ఒంట్లోకి పోతుంది. ఆ ఉప్పును ముక్కు దగ్గరి గ్రంథి వడగడుతుంది. ఇగువానా ఉన్నట్టుండి తుమ్ముతుంది, రెండు ముక్కు రంధ్రాల నుంచీ ఉప్పునీరు చిమ్ముతుంది. ఆ ఉప్పు నెత్తిన ఎండి తెల్లటి పొరలా కనిపిస్తుంది. ఎల్ నినో ఏడాదుల్లో సముద్రం వేడెక్కి నాచు చచ్చిపోతే ఇవి బక్కచిక్కడమే కాదు, పొడవులో కూడా కుంచించుకుపోతాయని శాస్త్రజ్ఞులు కొలిచి చెప్పారు. మేత దొరికాక మళ్ళీ పెరుగుతాయి. ఎదిగిన వెన్నెముక జీవి పొట్టిదై తిరిగి పొడవవడం మనకు వేరే ఎక్కడా సులభంగా కనిపించదు.

మనిషి పక్కన నిలబడినా ఇవి కదలవు. పక్షులూ అంతే, కడలి సింహాలూ అంతే. వాటికి మన మీద ప్రేమ ఉందని కాదు, నేల మీద తమను వేటాడే పెద్ద జంతువు వాటి వంశంలో దేనికీ ఎదురుపడలేదు. దీనికి మూలం దూరం. వెయ్యి కిలోమీటర్ల ఉప్పునీరు దాటి రాగలిగినవే ఈ దీవుల్లో చేరాయి. రెక్కలున్నవి గాలితో వచ్చాయి. వరదల్లో కొట్టుకుపోయే చెట్ల దుంగల మీద బల్లులు, ఎలుకలు వచ్చాయి. తాబేలు తేలగలదు, నెలల తరబడి తిండి లేకుండా ఉండగలదు. కప్ప చర్మం ఉప్పునీటికి తాళదు కాబట్టి అక్కడ స్వతహాగా కప్పలే లేవు. పులి, నక్క లాంటివి రానే లేదు. వేటాడేవి లేని చోట ఎగరడం కూడా అనవసరమైంది. పడమటి దీవుల నీటికాకి రెక్కలు కుదించుకుపోయి ఎగరడం మానేసింది, ఈతలో మాత్రం దిట్ట.

1835లో బీగిల్ ఓడ మీద ఛార్లెస్ డార్విన్ ఇక్కడ ఐదు వారాలు గడిపాడు. ఏ తాబేలు ఏ దీవిదో డొప్పను చూసి చెప్పవచ్చని అక్కడి అధికారి లాసన్ ఆయనకు చెప్పాడు. డార్విన్ అప్పుడు దాన్ని అంతగా పట్టించుకోలేదు. ఓడవాళ్ళు తాబేళ్ళను కోసుకు తిని డొప్పలను సముద్రంలో పారేశారు. దీవి దీవికీ మారుతున్న మాకింగ్‌బర్డ్ పిట్టలను చూశాకే ఆయనకు అసలు ఆలోచన మొదలైంది. ఆ తర్వాత చాలాకాలానికి, 1973 నుంచి, పీటర్, రోజ్‌మేరీ గ్రాంట్ దంపతులు డాఫ్నీ మేజర్ అనే చిన్న దీవి మీద ఏటా పిచ్చుకల్లాంటి ఫించ్‌లను పట్టి, కొలిచి, వదిలారు. 1977 కరువులో చిన్న గింజలు అయిపోయి గట్టి గింజలే మిగిలాయి. పెద్ద ముక్కున్న పిట్టలే ఎక్కువగా బతికాయి, తర్వాతి తరం ముక్కు సగటున పెద్దదైంది. పరిణామం మనిషి జీవితకాలంలోనే కొలతకు దొరికింది.

అయితే దూరం ఇచ్చిన ఈ బతుకు, దూరం చెరిగిపోతే నిలవదు. తిమింగలాల వేటగాళ్ళు లక్షకు పైగా తాబేళ్ళను ఓడల్లో తిండి కింద ఎక్కించుకుపోయారు. 1959లో పింటా దీవిలో మూడు మేకలను వదిలారు. పదిహేనేళ్ళు గడిచేలోపు అవి వేల సంఖ్యకు చేరి పచ్చదనమంతా మేసేశాయి. ఆ దీవి తాబేలు జాతిలో చివరికి మిగిలిన ఒక్క మగది 1971లో కంటపడింది. లోన్‌సమ్ జార్జ్ అని పేరు పెట్టిన అది 2012 జూన్ 24న చనిపోయింది. దానితో ఆ వంశం ముగిసింది. ఇసబెలా దీవి ఉత్తర భాగం నుంచి, శాంటియాగో దీవి నుంచి మేకలను తొలగించడానికి 1997 నుంచి 2006 దాకా పట్టింది. చివరి కొన్ని మేకలు గుట్టల్లో దాక్కుంటే, మెడకు రేడియో పట్టీ కట్టిన మేకలను వదిలారు. అవి మందను వెతుక్కుంటూ పోతే వాటి వెంట మనుషులు పోయారు. మేక ఒంటరిగా ఉండలేదన్నది మనవాళ్ళందరికీ తెలిసిన సంగతే.

మొక్కల సంగతి ఇంకా కష్టం. మన పెరట్లో పెంచుకునే జామ అక్కడ అడవిని కమ్మేసిన కలుపు. ఇంకా మొండిది ఒక ముళ్ళ పండు పొద, అది మన దేశపు కొండల్లో సహజంగా పెరిగే మొక్క. ఎర్రజొన్న విత్తనం మీద, పసుపు కొమ్ము మీద బతికే ఆర్మూర్‌కు మొక్క ఎలా పాకుతుందో విడమరచి చెప్పనక్కర్లేదు. పసుపు గింజ కట్టదు, మనిషి కొమ్ము మోసుకుపోయిన చోటికే పోతుంది. జామ అలా కాదు, పిట్ట తిన్న ప్రతిచోటా మొలుస్తుంది.

అందుకే దీవులకు విమానం ఎక్కకముందే, ఈక్వడార్ నగరాలైన కీటోలో గానీ గ్వాయకీల్‌లో గానీ, సంచులు విప్పి చూస్తారు. పండ్లు, విత్తనాలు, మట్టి అంటుకున్న దుంపలు అక్కడే ఆగిపోతాయి. ఇంటి నుంచి ప్రేమగా కట్టి ఇచ్చిన పచ్చి పసుపు కొమ్ములైనా సరే. పడవెక్కాక ఇంకొన్ని నియమాలు. గైడ్ లేకుండా అడుగు వేయకూడదు. ఒక గైడ్ వెంట 16 మందికి మించకూడదు. జంతువుకు రెండు మీటర్ల దూరంలో ఉండాలి, అదే దగ్గరికొస్తే మనమే వెనక్కి జరగాలి. ఫ్లాష్ వాడకూడదు. పడవలో వందమంది ప్రయాణికులకు మించకూడదు. చాలా తావుల్లో, ఒకసారి ఆగిన పడవ రెండు వారాలలోపు మళ్ళీ అక్కడికి రాకూడదు. దీవుల నేలలో 97 శాతం 1959 నుంచి జాతీయ పార్కు. విదేశీ పెద్దల ప్రవేశ రుసుమును 2024 ఆగస్టు నుంచి వంద డాలర్ల నుంచి రెండొందలకు పెంచారు.

ఖర్చు వేల డాలర్లలో ఉంటుంది, అందరికీ అందేది కాదు. అయినా ఈ పడవ యాత్ర పద్ధతిని నేను సమర్థిస్తాను. దీవులకు ఏటా రెండు లక్షలకు పైగా జనం వస్తున్నారు. వాళ్ళలో ఎక్కువమంది ఇప్పుడు పడవల్లో కాక ఊళ్ళలోని హోటళ్ళలో దిగుతున్నారు. హోటల్ పెరిగితే సరుకుల ఓడలు పెరుగుతాయి, వాటిలో పురుగులూ గింజలూ వస్తాయి. అలా ఎప్పుడో చేరిన ఒక ఈగ ఫించ్‌ల గూళ్ళలో గుడ్లు పెడుతుంది, దాని పురుగులు పిట్టపిల్లల రక్తం పీల్చి చంపుతున్నాయి. పడవల సంఖ్యకు, పడకల సంఖ్యకు ప్రభుత్వం గీత గీసింది. ఊళ్ళకు కూడా అంత గట్టి గీత గీయాలి.

ఇలాంటి గీత లేక నష్టపోయింది మారిషస్. మనుషుల వెంట వచ్చిన ఎలుకలు, పందులు, కోతులు గుడ్లు తినేశాయి. ఎగరలేని డోడో 17వ శతాబ్దంలోనే అంతరించింది. అక్కడి చిన్న డేగ 1974 నాటికి అడవిలో నాలుగుకు పడిపోయింది. గుడ్లు తీసి పొదిగించి, గూళ్ళు కట్టి దాన్ని వందల్లోకి తేగలిగారు.

మన దేశంలోనూ అగ్నిపర్వతం కట్టిన దీవులున్నాయి. తెలుగు కుటుంబాలు వేలల్లో స్థిరపడిన శ్రీ విజయపురానికి (పాత పేరు పోర్ట్ బ్లెయిర్) ఈశాన్యంగా సుమారు 135 కిలోమీటర్ల దూరంలో బ్యారెన్ దీవి ఉంది. మన దేశంలో ఇప్పటికీ నిప్పు కక్కే అగ్నిపర్వతం అదొక్కటే. దానికి ఉత్తరాన ఉన్న నార్కొండాం నిద్రాణంగా ఉన్న అగ్నిపర్వతం, దాదాపు ఏడు చదరపు కిలోమీటర్లు మాత్రమే. నార్కొండాం హార్న్‌బిల్ అనే పెద్ద ముక్కు పక్షి ప్రపంచంలో ఆ ఒక్క దీవిలోనే ఉంటుంది. ఆడది చెట్టు తొర్రలో దూరి, చిన్న సందు మాత్రం వదిలి ద్వారం పూడ్చుకుంటుంది. మగది మేడి, మర్రి జాతి పండ్లు తెచ్చి ఆ సందులోంచి అందిస్తుంది. 1969లో అక్కడ పోలీసు ఔట్‌పోస్టు పెట్టాక తిండి కోసం మేకలను తెచ్చారు. లేత మొక్కలన్నీ వాటి నోట పడుతుంటే, పండ్ల చెట్లకు తర్వాతి తరం లేకుండా పోయేది. ఆ మేకలను తర్వాత తీసేశారు. ఈమధ్య లెక్కలో అక్కడి హార్న్‌బిల్‌లు వెయ్యి చుట్టూ ఉన్నాయి. బ్యారెన్‌ను అనుమతి ఉన్న పడవలోంచి చూడవచ్చు, ఒడ్డున మాత్రం దిగనివ్వరు.