పరభాష యంత్రమును గొనవచ్చునా?

ఇంటికి వచ్చు ప్రతి వస్తువును గుఱించియు గృహిణి రెండు ప్రశ్నలు వేసికొనవలెను. దీని వెల యెంత యనునది మొదటిది. దీనిని వాడు చేయి యెవరిది యనునది రెండవది. మొదటి ప్రశ్నను అందఱును అడుగుదురు. రెండవదానిని మఱచుటచేతనే మన యిండ్ల అలమరలలో ఎన్నియో యంత్రములు గుడ్డలు చుట్టుకొని నిద్రపోవుచున్నవి.

విదేశము నుండి తెప్పించు వస్తువుల విషయమున ఈ రెండవ ప్రశ్న మఱింత ముఖ్యము. ఏలయన, వస్తువు మన చేతికి వచ్చినను దాని మాట మనకు రాకపోవచ్చును. మా మరిది జపాను దేశమున ఓసాకా నగరములో ఉద్యోగము చేయుచున్నాడు. వచ్చు సంక్రాంతికి మాకొక కామ్‌కార్డరును, అనగా బొమ్మను ధ్వనిని కలిపి పట్టు చేతి వీడియో కెమేరాను, తెత్తునని వ్రాసినాడు. మన అంగళ్ల ధరకంటె నాలుగవ వంతు తక్కువకు దొరకునట. “కాని వదినా, దాని మెనూ అంతయు జపాను భాషలోనే యుండును. కొనుమందురా, మానుమందురా?” అని యడిగినాడు. ప్రత్యుత్తరము వ్రాయుటకు మాకు పదునైదు దినములు పట్టినది. ఆ దినములలో మేము తెలిసికొన్నదియు, తలపోసినదియు సోదరీమణులకు పనికివచ్చునని తోచి యిచట వ్రాయుచున్నాము.

మాకు కెమేరా యేల కావలసివచ్చెనో ముందు చెప్పవలెను. మా అత్తగారికి ఎనుబది యొకటవ యేడు. ఆమెకు వచ్చిన రోకటి పాటలు, జోలలు, అప్పగింతల పాటలు, మంగళహారతులు ఏ పుస్తకమునకును ఎక్కలేదు. వానిలో పెక్కింటిని ఇప్పుడామె ఒక్కరే పాడగలరు. మాట పట్టిన చాలదా యని కొందఱనవచ్చును. రోకటి పాటలో పోటు ఏ మాట మీద పడునో, హారతిపళ్లెము ఎచట నిలిచి ఎచట తిరుగునో వినుటచేత తెలియదు, కన్నులార చూడవలెను. ఆమె గొంతు కిందటి యేటికంటె ఈ యేడు సన్నగిల్లినది. కావున ఈ కొనుగోలు మాకు వేడుక కాదు, కాలముతో పందెము.

కామ్‌కార్డరు పుట్టిల్లు జపానే యనవచ్చును. 1983లో సోనీ సంస్థ కెమేరాను టేపు యంత్రమును ఒక్క పెట్టెలో చేర్చి గృహస్థుల కొఱకు ‘బీటామూవీ’ యను పేరున వెలువరించినది. దానిలో దృశ్యమును పట్టుటయే గాని తిరిగి చూచుకొనుట లేదు. 1985లో ఎనిమిది మిల్లీమీటర్ల సన్నని టేపుతో, చేతిలో నిముడునట్టి ‘హాండీక్యామ్’ వచ్చినది. 1995లో డిజిటల్ టేపు వచ్చినది. ఆ పిమ్మట టేపు పోయి గోరంత కార్డు మిగిలినది. నేడు ఫోనులే వీడియో తీయుచున్నందున కామ్‌కార్డర్ల సంఖ్య తగ్గినది. అయినను దూరమున నున్నదానిని దగ్గఱకు తెచ్చు కటకము, చేతికి కుదిరిన పట్టు, చాలసేపు ఆగక పట్టు శక్తి, వీనిచేత వానికి గౌరవము పూర్తిగా పోలేదు.

జపానులో నమ్ముటకే చేసిన కెమేరాలలో అనేకములందు జపాను భాష యొక్కటియే యుండును. ఆ సంస్థలే ఇతర దేశములకు పంపువానిలో పలుభాషలు చేర్చును. టోక్యోలో అకిహబారా వంటి అంగడివీధులందు యాత్రికుల కొఱకు బహుభాషల కెమేరాలను వేఱుగా నమ్ముదురు. కనుక జపాను నుండి వచ్చినదెల్ల జపాను భాషలోనే యుండుననుటయు తప్పు. ఎక్కడ కొన్నను ఇంగ్లీషునకు మార్చుకొనవచ్చు ననుటయు తప్పు. మెనూలో ‘గెంగో’ యను అంశము కలదా యని చూడవలెను. గెంగో యనగా భాష. ఆ అంశము లేనిచో భాష మార్చుకొనుటకు సామాన్యముగా దారి లేదని తెలిసికొనవలెను.

భాష రాకున్న నేమి, నేర్చుకొనరాదా యని మేమును అనుకొంటిమి. ఈ యాలోచన అంత త్రోసివేయదగినది కాదు. జపానీయులు మూడు లిపులను కలిపి వ్రాయుదురు. హిరగానా, కటకానా యను రెండింటికిని మూలాక్షరములు నలుబదియాఱేసి. మూడవది చీనా నుండి వచ్చిన కాంజీ. 2010లో ఆ ప్రభుత్వము సాధారణపు వాడుకకు నిర్ణయించిన పట్టికలోనే 2,136 కాంజీలు కలవు. పరదేశపు మాటలను వారు కటకానాలో వ్రాసికొందురు. మెనూ వారికి ‘మెన్యూ’, బాటరీ ‘బత్తెరీ’, కెమేరా ‘కమెరా’. మనము తెలుగు లిపిలో చేయు పనినే వారు తమ లిపిలో చేసినారు. గుణింతములు, ఒత్తులు నేర్చిన మనకు నలుబదియాఱు అక్షరములు ఒక నెల మధ్యాహ్నముల పని.

చిక్కు అక్కడ లేదు. మిక్కిలి జాగ్రత్త కావలసిన మాటలు కాంజీలో నున్నవి. ‘రొకుగ’ యనగా దృశ్యమును పట్టుట. ‘సైసేయి’ యనగా పట్టినదానిని తిరిగి చూచుట. ‘సెత్తేయి’ యనగా ఏర్పాట్లు. ‘సకుజో’ యనగా చెఱిపివేయుట. ‘షొకిక’ యనునది అన్నింటికంటె భయంకరము. కార్డులో నున్నదంతయు తుడిచి మొదటికి తెచ్చు నాజ్ఞ. ఈ కడపటి రెండింటిని తాకినపుడు యంత్రము ఒక్కమాఱు అడుగును: ‘హై’ యా, ‘ఈయే’ యా? అనగా అవునా, కాదా? చదువనేరని చేయి తొందరలో ‘హై’ మీద పడినచో అత్తగారి పాటలు క్షణములో శూన్యమగును. అట్లు పోయిన పాటను మఱల పాడుమని యడుగుటకు మనుష్యులు ఎల్లకాలము ఉండరు.

ఇందొక న్యాయమైన మాట చెప్పవలెను. ఇంగ్లీషు మెనూ మాత్రము మన భాషయా? ‘డిలీట్’, ‘ఫార్మాట్’ అను మాటలు మనకు పరాయివి గావని తోచుట అలవాటుచేతనే. మా అత్తగారికి జపాను అక్షరములును ఇంగ్లీషు అక్షరములును ఒక్కటే. ఈ సంగతి యామెతో ప్రస్తావించినపుడు, “అమ్మాయీ, ఏ భాషైతే నేమి? నా పాటను తెలుగులోనే వినునుగదా!” అని నవ్వినారు. కాబట్టి భాష పరదేశముదను కారణముననే యంత్రమును త్రోసిపుచ్చరాదు. ఆ భాషను చదివి చెప్పువారు పనివేళకు మన చెంత నుందురా యని చూడవలెను.

ఇప్పుడు ఫోనును అక్షరముల యెదుట బట్టినచో వాని యర్థమును తెఱపై చూపు ఉపాయము వచ్చినది. తీరికవేళ మెనూలోని మాటలను ఒక్కొక్కటిగా తెలిసికొని కాగితమున వ్రాసికొనుటకు అది చక్కగా పనికివచ్చును. కాని మాంగల్యధారణ వేళ ఒక చేత కెమేరా, వేఱొక చేత ఫోను పట్టుకొని అర్థము వెదకుట సాధ్యమా? పురోహితులు మన కొఱకు ముహూర్తమును నిలుపరు.

భాష చాటున దాగిన మఱికొన్ని చిక్కులు గలవు. మన దేశపు విద్యుత్తు 230 వోల్టులు, సెకనుకు 50 ఆవృత్తులు. జపానులో 100 వోల్టులు. అందును టోక్యో వైపు 50 ఆవృత్తులు, ఓసాకా వైపు 60. పందొమ్మిదవ శతాబ్దము చివర టోక్యో వారు జర్మనీ నుండియు, ఓసాకా వారు అమెరికా నుండియు విద్యుజ్జనక యంత్రములు తెప్పించుటయే ఈ భేదమునకు మూలము. వోల్టుల భయము పెద్దది కాదు. చార్జరుపై ‘100–240’ అని యున్నచో మన యింట పనిచేయును, పలకపుల్లలకు తగిన బిళ్ల యొకటి కొన్న చాలును. ఆవృత్తుల చిక్కు వేఱు. మన యిండ్ల ట్యూబులైట్లు సెకనుకు నూఱుమాఱులు వెలిగి తగ్గుచుండును. కంటికది తెలియదు. సెకనుకు అఱువది లెక్కన బొమ్మలు పట్టు కెమేరాకు తెలియును. బొమ్మ యంతయు మిణుకుమిణుకు మనును. షట్టరు వేగమును సెకనులో నూఱవ వంతునకు మార్చినచో ఈ మిణుకు చాలవఱకు తగ్గును. కాని ఆ మార్పు చేయవలసినది ఎక్కడ? ఆ జపాను మెనూలోనే! ఏనుగునిచ్చి అంకుశము దగ్గఱ తగవులాడినట్లున్నది గదా!

పాత టేపులు చూచుకొనుటకై జపాను నుండి పాత కామ్‌కార్డరు తెప్పించుకొనదలచువారు మఱింత మెలకువగా నుండవలెను. మన దేశమున వివాహములు పట్టిన టేపులు ‘పాల్’ పద్ధతివి. జపాను, అమెరికాలది ‘ఎన్‌టీఎస్‌సీ’ పద్ధతి. ఒక పద్ధతి యంత్రము సామాన్యముగా రెండవ పద్ధతి టేపును సరిగా చూపదు. మా ఆడుబిడ్డ వివాహపు టేపులు 1998 నాటివి రెండు పెట్టెలో నున్నవి. వానిని జపాను యంత్రమున వేసిన ప్రయోజనము లేదని తెలిసికొని, పాల్ యంత్రము గలవారి చేతనే కార్డునకు ఎక్కించవలెనని నిశ్చయించితిమి.

ఇంకను మరమ్మతు మాట. ఒక దేశమున కొన్నదానికి ఆ దేశమునందే పూచీ యుండుట పరిపాటి. ఇచట చెడినచో నాలుగవ వంతు లాభము ఒక్క మరమ్మతులో కరగిపోవచ్చును. సుంకము సంగతియు కలదు: 2016 నాటి నియమములలో జపాను వంటి దేశముల నుండి తిరిగివచ్చు భారతీయునకు 50,000 రూపాయల సామానువఱకు మినహాయింపు నిచ్చిరి. ఇట్టి మితులు మారుచుండును గనుక ప్రయాణమునకు ముందే విచారించుకొనవలెను. విడిగా తెచ్చు లిథియము బాటరీలను విమానమున లోనికప్పగించు పెట్టెలో నుంచరాదు. చేతిసంచిలో దగ్గఱ నుంచుకొనవలెను.

ఇవన్నియు లెక్కించిన పిదప మేము మొదటి చోటికే వచ్చితిమి: వాడు చేయి యెవరిది? మన శుభకార్యముల వీడియోలు చూడుడు. వేదిక కనబడును, వచ్చిన పెద్దలు కనబడుదురు, విందు కనబడును. పెరటిలో పసుపు దంచుచు పాడిన ముత్తైదువలు కనబడరు. పెండ్లికూతురి తల వెనుక జడ కుట్టుచు అమ్మమ్మ చెప్పిన మాట వినబడదు. కెమేరా యెవరి చేతిలో నుండునో వారు తిరుగు చోటులే అందు పడును. ఆడువారి పాటలు ఆడువారున్న చోటనే పుట్టును. అందుచేత వానిని పట్టు కెమేరా ఆడువారి చేతిలో నుండవలెను. మరిది వచ్చిననాడు మాత్రమే మాటలాడు యంత్రము, మరిది వెళ్లిన మఱునాటి నుండి మూగది. మా వారు బడికి పోయిన పిదప, వంట ముగిసి, అత్తగారికి పాడవలెనని బుద్ధిపుట్టిన ఆ మధ్యాహ్నపు ఘడియ ఎవరికొఱకును ఆగదు.

కావున మరిదికి ఇట్లు వ్రాసితిమి: ముందు ఆ కెమేరా మెనూ ఫోటోలు తీసి పంపుము. గెంగో యను అంశము కలదేని, ఇంగ్లీషు వచ్చునేని, అప్పుడు మఱల ఆలోచింతము. అతడు పంపినాడు; ఆ అంశము లేదు. మేము వలదని వ్రాసితిమి. పాటలను మాత్రము ఆపలేదు. మా ఫోను మెనూను తెలుగునకు మార్చి, దానిని పీటపై కదలకుండ నిలిపి, కిటికీ వెలుతురున పట్టుట మొదలిడితిమి. ఈ వ్యాసము వ్రాయునాటికి పదునేడు పాటలు చేరినవి. ప్రతి పాటయు రెండుచోట్ల భద్రపఱచితిమి.

మా నిర్ణయమే యెల్లరకును తగునని చెప్పము. ఇంట జపాను భాష చదువు పిల్లలున్నవారు, లేదా ఆ పది మాటలను కాగితముపై వ్రాసి కంఠస్థము చేయు నోపిక గలవారు, చౌకగా వచ్చినదానిని కొనవచ్చును. అట్టివారు కొన్న మొదటి వారమున విలువ లేని దృశ్యములనే పట్టి, చెఱిపి, మఱల పట్టి చేతికి అలవాటు చేసికొనవలెను. ఆ పిదపనే పెద్దల యెదుట కూర్చుండవలెను.

సోదరీమణులారా! బేరము కుదిరినదని సంతోషించుటకు ముందు ఒక్క పరీక్ష చేయుడు. ఇంట సహాయకులెవరును లేని వేళ ఆ యంత్రమును తెఱచి, పట్టి, తిరిగి చూచి, చెఱుపకుండ మూయగలమా? గలమన్నచో అది యే భాషదైనను మన యింటి వస్తువే. లేమన్నచో దాని వెల యెంత తగ్గినను మనకది యెక్కువే.