మోటారు పడవకు ఇంజను మూత



నేటి నా ప్రసంగ విషయము మిక్కిలి చిన్నది. పడవ ఇంజనుపై నుండు చెక్కమూతను గూర్చి ఇంతసేపు మాటలాడుట ఎందుకని మీరు నవ్వవచ్చును. కాని ఏటి నడుమ ఇంజనుకు జబ్బు చేసినప్పుడు ఆ మూత తెరచుకొనుటయో, తెరచుకొనకపోవుటయో పడవలోని వారి క్షేమమును నిర్ణయించును. మీ గ్రామములలో రేవుపాటలు జరుగుచున్నవి. రేవున ఏ పడవ తిరుగవలెనో చెప్పగల పెద్దలు మీరే. అందుచేత ఈ మాట మీతోనే చెప్పదలచితిని.

పూర్వపు పడవలో రహస్యమేమియు లేదు. తెరచాప చిరిగినచో అందరకును కనబడును. గెడ విరిగినచో చప్పుడు వినబడును. చుక్కాని వదులైనచో పట్టుకొన్నవాని చేతికే తెలియును. 1852లో ధవళేశ్వరపు ఆనకట్ట పూర్తియైన పిమ్మట డెల్టా కాలువలలో ధాన్యపు పడవలు కొన్ని తరములపాటు గాలిచేతను, గెడచేతను, గట్టుపై మనుష్యులు లాగు త్రాటిచేతను నడచినవి. మోటారు వచ్చుటతో పడవకు గుండెకాయ ఏర్పడినది. ఆ గుండెకాయ పెట్టెలో దాగినది. దానికి వచ్చు జబ్బు మూత తీసిన గాని తెలియదు.

కొన్ని సంవత్సరముల క్రిందట వశిష్ఠ పాయ ఒడ్డున ఇసుకలో పడియున్న ఒక పాత టేకు లాంచీని నేను కొంటిని. దాని పొడవు 28 అడుగులు. అందు రెండు సిలిండర్ల డీజిలు ఇంజను ఉండెను. చివికిన పలకలను మార్పించి, సందులలో నార దట్టించి, గుగ్గిలము కలిపిన నూనె పూయించి, రంగు వేయించితిని. ఇంజనును విప్పి బాగుచేయించితిని. ఇంజనుపై నున్న పాత పెట్టెను మాత్రము మార్చలేదు. అది అంగుళము మందముగల టేకు పలకలతో చేసినది. నాలుగు వైపుల మేకులు కొట్టియుండెను. పైభాగము చదునుగా నుండుటచే పడవ నడుమ చక్కని అరుగువలె కనబడెడిది. దానిపై ప్రయాణికులు కూర్చుండెడివారు. అరటిగెలలు, కొబ్బరికాయల బస్తాలు పేర్చెడివారు. ఇంత మంచి పెట్టెను ఎందుకు పాడుచేయవలెనని వడ్రంగిని వారించినవాడను నేనే. ఆ తప్పు నాదే.

శ్రావణమాసమున ఎర్రనీరు వచ్చినది. ఒకనాటి సాయంకాలము 18 మందితో పాయ దాటుచుండగా మాడిన రంగు వాసన వచ్చెను. ఇంజనును చల్లార్చుటకై ఏటి నీటిని లోనికి తీయు గొట్టమునకు గుర్రపుడెక్క వేళ్లు అడ్డుపడినవి. మూత తీసి చూచినచో అది క్షణములో తెలియవలసిన సంగతి. ఇంజను నాపి, లంగరు వేసి, జల్లెడడబ్బాను కడిగి, పది నిమిషములలో మరల బయలుదేరవచ్చును. కాని మూతపై అరటిగెలలు కుప్పగా నుండెను. వానిని ఆనుకొని ఒక వృద్ధురాలు కూర్చుండి యుండెను. ఆమెను లేపి, గెలలు తొలగించి, గునపముతో మేకులు పెరుకునంతలో ఇంజను బిగిసి పట్టుకొనిపోయెను. ఆ వడికి లంగరు నిలువలేదు. ప్రవాహము మమ్ము దిగువకు కొట్టుకొనిపోయి, అరగంటకు ఒక లంక ఇసుకతిప్పపైకి చేర్చెను. ఎవరికిని హాని కలుగలేదు. అందు నా నేర్పేమియు లేదు. ఆ తిప్ప అచ్చట నుండుటచే బ్రతికితిమి.

దిగిపోవుచు ఆ వృద్ధురాలు నన్ను చూచి, “నాయనా, పొయ్యిమీది కుండకు మేకులు కొట్టి మూత పెడతారటయ్యా?” అని అడిగెను. నాకు బదులు దొరకలేదు. మరునాడే పడవను ఒడ్డున కెక్కించితిని.

క్రొత్త మూత చేయుటకు వడ్రంగి టేపుతో వచ్చి ఇంజను పొడవు వెడల్పులు కొలువబోయెను. అతనిని ఆగుమని, సరంగును పిలిచి, ఇంజనుపై చేయి పడవలసిన చోట్లను ఒక కాగితముపై వ్రాసితిమి. ప్రతిదినము చూడవలసినవి ఆరు: నూనె మట్టము తెలుపు కడ్డీ, చల్లార్చు నీటి జల్లెడడబ్బా, బెల్టు బిగువు, డీజిలు ఫిల్టరు అడుగున దిగు నీరు, పంకా ఇరుసు పడవ వెలుపలికి పోవుచోట నుండు గ్లాండు, పడవ అడుగున చేరిన ఊటనీరు. కొన్ని వందల గంటల కొకసారి నూనెయు ఫిల్టర్లును మార్చవలెను. అప్పుడప్పుడు ఇంజెక్టర్లను నిలువుగా పైకి తీయవలెను. ఎన్నడో ఒకసారి ఇంజను నంతటిని పడవనుండి ఎత్తవలసి వచ్చును. కావున మూతకు మూడు తెరపులు కావలెను. దినదినమునకు పైతలుపులు, మార్పులు చేయునప్పుడు ఊడివచ్చు ప్రక్కపలకలు, ఇంజనును ఎత్తునప్పుడు నాలుగు బోల్టులు విప్పిన మొత్తముగా లేచివచ్చు పెట్టె.

టేకు కోయకమునుపు వెదురు దబ్బలతోను, పాత అట్టలతోను ఒక నమూనా కట్టితిమి. సరంగు కండ్లకు గుడ్డ కట్టి, నూనె కడ్డీని తీసి మరల పెట్టుమంటిని. జబ్బు చీకటిలోను రావచ్చును గదా! మొదటిసారి అతని మోచేయి పొగగొట్టమునకు తగిలెను. ఇంజను నడచుచున్నచో చర్మము ఊడిపోయెడిది. అట్టను బెత్తెడు వెడల్పుగా కోసి మరల ప్రయత్నించితిమి. ఇట్లు రెండు దినములు అట్టతో ఆడినందున మంచి కలప వ్యర్థము కాలేదు.

తరువాతిది బరువు. పాత మూత పైపలక 4 అడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు, అంగుళము మందము గలది. అంత టేకు 15 కిలోలు తూగును. గట్టుపై నిది బరువు కాదు. ఊగుచున్న పడవలో ఒక చేత చుక్కాని పట్టుకొన్నవానికి మోయరాని బరువే. అందుచే క్రొత్త మూతను సన్నని టేకు చట్రముపై అర అంగుళపు ప్లైవుడ్డు బిగించి, రెండు తలుపులుగా చేయించితిని. అవి తలవాకిటి తలుపులవలె ఇరువైపులకు తెరచుకొని ప్రక్కలకు వ్రేలాడును. పని చేయువాని చేతిపై మూత పడునను భయము లేదు. బందుల చీలలు లాగినచో తలుపులు వేరుగా ఊడివచ్చును. గడియలు చేతితో తీయదగినవి, పానాతో పనిలేదు. పానా వెదకవలసిన మూత ఆపదలో మేకులు కొట్టిన మూతతో సమానమే.

ఇంకొక సంగతి. మూతపై ఎవరును కూర్చుండరాదని బోర్డు వ్రాసి పెట్టవచ్చును. బోర్డును చదివి దానిపైననే కూర్చుండు వారిని నేను చూచితిని. కావున మూతను ఇంటికప్పువలె రెండు వైపులకు వాలుగా చేయించితిని. దానిపై మనిషి కూర్చుండలేడు, గెల నిలువదు. వాననీరు సహితము జారిపోవును. నడుమ కూడలిలో ఒక తలుపు అంచు రెండవదానిపై రెండంగుళములు ఎక్కియుండుటచే నీరు లోనికి దిగదు. గెలలకును బస్తాలకును వేరు చోటు చూపితిని.

ఇక గాలి. ఇంజనుకు ఆహారము డీజిలు మాత్రమే కాదు. మా ఇంజను సిలిండర్ల లోతట్టు పరిమాణము 1.6 లీటర్లు. నిమిషమునకు 1500 చుట్లు తిరుగును. రెండు చుట్ల కొకసారి గాలి పీల్చును గనుక నిమిషమునకు సుమారు 1200 లీటర్ల గాలి కావలెను. అనగా డీజిలు పోయు పెద్ద ఇనుప పీపాలు ఆరు నిండునంత గాలి! పెట్టెను గట్టిగా మూసినచో ఇంజను ఉక్కిరిబిక్కిరియై నల్లపొగ క్రక్కును. వేడి బయటికి పోక బెల్టును, రబ్బరు గొట్టములను చెరచును. అందుచే ముందువైపు అడుగున జానెడు పొడవు, బెత్తెడు వెడల్పుగల రంధ్రములు రెండును, వేడిగాలి పోవుటకు వెనుకవైపు పైన రెండును పెట్టించితిని. చినుకులు పడకుండ వానికి రేకు చూరులు కట్టించితిని.

చప్పుడు తగ్గవలెనని కొందరు మూత లోపల కొబ్బరిపీచో, మెత్తని స్పాంజియో అంటింతురు. అది నూనె త్రాగి వత్తివలె సిద్ధముగా నుండును. అగ్ని కంటుకొనని రాతిఉన్ని పలకలను రేకుతో కప్పి బిగించుట మేలు. పాత పడవలలో మరియొక అపాయము కలదు. పొగగొట్టమునకు చుట్టిన తెల్లని త్రాడు రాతినార కావచ్చును. దాని దుమ్ము పీల్చినవారికి అనేక సంవత్సరముల తరువాత ఊపిరితిత్తుల క్యాన్సరు రాగలదు. దానిని పొడిగా గీకరాదు. నేను తెలిసిన పనివానిని పిలిపించి, తడిపించి, మందపు సంచిలో మూట కట్టించి తీయించితిని. దాని స్థానమున గాజునార పట్టీ చుట్టించితిని.

సులభముగా తెరచుకొను మూతను ఇంతవరకు పొగడితిని. దానిని తెరువరాని సమయమొకటి కలదు. అది నిప్పు పుట్టినప్పుడు. 2018 మే నెలలో పాపికొండల దారిలో దేవీపట్నము చేరువ ఒక విహారపు పడవ తగులబడినది. పడవ ఒడ్డు చేరుటచే ప్రయాణికులు బయటపడిరి. నిప్పు ఎచ్చట పుట్టినను పని యొకటే: దానికి గాలి అందకుండ చేయవలెను. పెట్టెలో పొగ వచ్చినప్పుడు కంగారుతో మూత తెరచినవాడు ఆ నిప్పునకు తానే గాలి పోయుచున్నాడు. అందుచే మూత ప్రక్కను అంగుళమున్నర రంధ్రము చేయించి, దానికి ప్రక్కకు జరుగు రేకుబిళ్ల పెట్టించి, చుట్టు ఎర్రరంగు వేయించితిని. నిప్పార్పు గొట్టపు ముక్కు అందు పట్టును. ఇంజను నాపు తీగయు, డీజిలు కట్టు కుళాయి పిడియు పెట్టె వెలుపలనే ఉన్నవి. మొదట ఇంజను నాపవలెను; పిమ్మట కుళాయి కట్టవలెను; తడిగోనెలతో గాలిరంధ్రములు మూయవలెను; ఎర్రరంధ్రములోనుండి మందు కొట్టవలెను. చల్లారునంతవరకు మూత తీయరాదు.

పెట్రోలు ఇంజనుకు నియమము వేరు. పెట్రోలు ఆవిరి గాలికంటె బరువైనది. అది పైకి పోక పడవ అడుగున చేరి, ఒక్క నిప్పురవ్వకు ప్రేలును. అట్టి పడవలో ఇంజను త్రిప్పకమునుపే మూత తెరచి వాసన చూడవలెను. లోపలి ఆవిరిని లాగివేయు పంకా ఉన్నచో కనీసము నాలుగు నిమిషములు త్రిప్పుమని అమెరికా తీరరక్షకదళము వారు చెప్పుదురు.

మూత తెరచినప్పుడు బెల్టు బయటపడకుండ దానిపై వేరుగా ఇనుపజాలి బిగించితిని. కండువా అంచు, చీర చెంగు, పిల్లవాని వ్రేలు బెల్టునకు భేదము తెలియదు.

ఈ మూతకు నాకు పదునెనిమిది దినములు పట్టినది. మరుసటి వరదలో గుర్రపుడెక్క మరల వచ్చినది. ఆనాడు సరంగు చెవికి ఇంజను ధ్వని మారినట్లు తోచి, ఒక తలుపు తీసి చూచి, ఇంజను నాపి, లంగరు వేసి, జల్లెడ కడిగి మరల నడిపెను. ప్రయాణికులలో కొందరు మాటలు కూడ మానలేదు. అంతకంటె మంచి మెప్పు ఆ వడ్రంగికి నేనీయలేను.

అయ్యలారా, 1917 నాటి చట్టమునకు బదులుగా 2021లో పార్లమెంటు దేశీయ నౌకల చట్టమును చేసినది. యంత్రపు పడవలకు తనిఖీ, రిజిస్ట్రేషను కావలెనని అందున్నది. ఆ కాగితములు తప్పక అడుగుడు. పిమ్మట పడవ యెక్కి, సరంగుతో, “ఏమయ్యా, నీ ఇంజను మూత ఒకసారి తీయుము” అనుడు. అతడు పానాకై వెదకినను, బస్తాలు దింపబోయినను, ఆ పడవను నాడు రేవు దాటనీయవలదు. మీరు పది అంకెలు లెక్కించులోపల మూత తెరచి నూనె కడ్డీని మీ చేతికిచ్చినచో, మీ పిల్లలను ఆ పడవ నెక్కింపవచ్చును.