చెడిన కన్నుకు చికిత్స

పెండ్లి ఊరేగింపులలో మేళతాళములతోపాటు నేడు లేజరు దీపములును వచ్చి చేరినవి. పచ్చని, ఎఱ్ఱని కిరణములు ఆకసమును చీల్చుచుండగా చూచువారికి వేడుకయే. కాని ఆ కిరణము ఒక్క క్షణకాలము కెమెరా కటకములోనికి సూటిగా దూరినచో, ఆ వేడుకను చిత్రించుచున్న యువకుని జీవనాధారమునకే దెబ్బ తగులవచ్చును. మరునాడు తీసిన ప్రతి చిత్రమునందును ఒక గీతయో, ఒక తెల్లని చుక్కయో అదే చోట కనిపించును. అది వధువు నుదుటిమీద పడినను, గుడి గోపురముమీద పడినను ఒక్కటే; చోటు మారదు. మరమ్మతు దుకాణమువాడు కెమెరాను అటునిటు త్రిప్పి చూచి, “సెన్సరు పోయినది” అనును. పిదప అతడు చెప్పు వెల వినినంతనే, దీనికంటె మరియొక కెమెరా కొనుటయే మేలేమో యను సందేహము ఆ యువకునకు కలుగును.

ఒక చిన్న పలకకు అంత వెల యేల? ఆ పలక యెట్టిదో తెలిసిననే గాని ఈ ప్రశ్నకు సమాధానము దొరకదు.

పూర్వపు కెమెరాలలో ఫిల్ము ఉండెడిది. ఒకమారు వెలుగు సోకిన ఫిల్మును తీసి, వేరొకటి యెక్కించెడివారు. అందుచేత ఆ కెమెరాకు ప్రతి చిత్రమునకును ఒక క్రొత్త కన్ను లభించెడిదనవచ్చును. నేటి డిజిటల్ కెమెరాకు ఆ భాగ్యము లేదు. దానికి ఉన్నది ఒక్కటే కన్ను. అదియే జీవితాంతము పనిచేయవలెను. 36 మిల్లీమీటర్ల పొడవు, 24 మిల్లీమీటర్ల వెడల్పు గల సిలికాన్ పలకమీద 2 కోట్ల 40 లక్షల గదులు కూర్చబడియుండును. అట్టి పలకలో ఒక్కొక్క గది వెడల్పు మిల్లీమీటరులో వేయింట ఆరు వంతులు మాత్రమే. వెలుగు పడినప్పుడు ఆ గదులలో ఎలక్ట్రానులు పోగగును. ఎంత వెలుగునకు అన్ని ఎలక్ట్రానులు. వానిని లెక్కించుటయే చిత్రమును గ్రహించుట.

ఈ విద్యకు ఆద్యులు అమెరికాలోని బెల్ పరిశోధనశాలకు చెందిన విలర్డ్ బాయిల్, జార్జి స్మిత్ అను ఇరువురు. 1969లో వారు సి.సి.డి. అను సాధనమును కల్పించిరి. ఇల్లు కాలుచున్నప్పుడు జనులు నూతినుండి వరుసగా నిలిచి కడవలను చేతినుండి చేతికి అందించుకొందురు గదా, అట్లే ఆ పలకయందు ఒక గదిలోని ఎలక్ట్రానులు ప్రక్క గదికి, అటనుండి ఆపై గదికి జరుగుచు, చివరనున్న లెక్కించు యంత్రమును చేరును. ఈ కల్పనకుగాను వారికి 2009లో భౌతికశాస్త్రమున నోబెల్ బహుమానము లభించినది. చేతి కెమెరాలలో నేడు ఎక్కువగా వాడుచున్నది సిమాస్ అను వేరొక రకము పలక. దానిలో ప్రతి గదియొద్దనే విద్యుత్తును కొలుచు ఏర్పాటు కలదు.

ఇక దీనికి చికిత్స మాట. మొదట ఒక హెచ్చరిక చేయవలసియున్నది. చిత్రములో మచ్చ కనిపించినంతనే సెన్సరు చెడినదని తలపరాదు. పలకపైనున్న గాజుపొరమీద దుమ్ము పడినను మచ్చయే కనిపించును, తెలిసినవారు దానిని తుడిచి పంపుదురు, వ్యయము స్వల్పము. ఒకటి రెండు గదులు మాత్రమే చచ్చినచో, కెమెరాలోని గణనయంత్రమునకే ఆ గదుల చిరునామా తెలిపి, ఇరుగుపొరుగు గదులు చెప్పిన లెక్కతో ఆ ఖాళీని పూరింపజేయవచ్చును. పల్లెలో పొలమునకు హద్దురాయి పోయినప్పుడు ఇరువైపుల రైతుల సాక్ష్యముతో పని జరుగునట్లే ఇదియు జరుగును. కాని లేజరు సోకి గదుల వరుసలే కాలినపుడు ఈ ఉపాయము పారదు. కాలిన గదిని తీసి వేరొక గదిని పెట్టుటకు తగిన పనిముట్టు ఏ దుకాణమునను లేదు. గదులమీద రంగుల పొర, ఆ పొరమీద చిన్న చిన్న కటకములు, వానిపై గాజు. చుట్టును వెండ్రుకకంటె సన్నని తీగెలు. విప్పుటయే చెరుపుట. కావున పలకను సమూలముగా తీసివేసి క్రొత్తది అమర్చవలసినదే. శ్రీకాళహస్తి మాహాత్మ్యమున తిన్నడు చేసినదియు అదియే. కారుచున్న కంటికి మందు పనిచేయకున్నపుడు కన్నునకు కన్నే పెట్టెను. తిన్నడు మూల్యము విచారింపలేదు. దుకాణమువాడు విచారింపక తప్పదు. అతడు పలక వెలయే గాక, దానిని కటకమునకు మిల్లీమీటరులో నూరవ వంతు తేడా లేకుండ సరిచేయు శ్రమకు కూడ వెల కట్టవలెను.

కన్ను చెడినదనుకొన్నప్పుడు నిజముగా చెడినది కన్ను కాక, కంటి వెనుక నరమై యుండుటయు కలదు. పలక నిక్షేపముగానే యుండును. దానికి విద్యుత్తును అందించు సర్క్యూటు మాత్రము మాడిపోవును. అట్టి ఒక్క నరమును బాగుచేయుటకు మనుష్యులు ఎంత దూరము పోయిరో, ఎంత మూల్యమునకు సిద్ధపడిరో చెప్పు కథ యొకటి కలదు.

1990 ఏప్రిల్‌లో ఆకాశమునకు పంపబడిన హబుల్ దూరదర్శినిలో, 2002 మార్చిలో ఏ.సి.ఎస్. అను కెమెరా అమర్చబడినది. దాని ముఖ్య నేత్రమునందు రెండు సి.సి.డి. పలకలు, రెండింటను కలిపి 1 కోటి 60 లక్షలకు పైబడిన గదులు. 2003 సెప్టెంబరు మొదలు 2004 జనవరి వరకు ఆకాశమున ఒకే చిన్న భాగమును తదేకముగా చూచి, ఆ చారెడు చోటనే సుమారు 10,000 నక్షత్రమండలములను చూపినది ఆ నేత్రమే. 2007 జనవరి 27వ తేదీన దాని విద్యుత్ సర్క్యూటు చెడి, ఆ నేత్రము మూతపడినది.

బాగుచేయుటకు మనిషి పోవలెను. పోవుట యన్ననో సామాన్యము కాదు. 2003 ఫిబ్రవరి 1వ తేదీన కొలంబియా నౌక తిరిగివచ్చుచు ఆకాశముననే ముక్కలై, కర్నాల్‌లో పుట్టిన కల్పనా చావ్లాతో సహా ఏడుగురు మరణించిరి. ఆ దుఃఖము ఆరకమునుపే, 2004 జనవరిలో నాసా అధిపతి షాన్ ఓకీఫ్, హబుల్ మరమ్మతునకు ఇక మనుష్యులను పంపరాదని నిర్ణయించెను. ఒక యంత్రముకొరకు ఏడు ప్రాణములను పణమొడ్డుట న్యాయమా యని ఒక పక్షము. ఆ యంత్రము చూచునది మరియే కన్నును చూడలేదే యని మరియొక పక్షము. రెండు వాదములును త్రోసివేయదగినవి కావు. 2006 అక్టోబరు 31వ తేదీన అప్పటి అధిపతి మైకేల్ గ్రిఫిన్ ప్రయాణమునకు అనుమతించెను. అయినను ఆపద్ధర్మముగా ఎండెవర్ అను రెండవ నౌకను కూడ ప్రయోగవేదికమీద సిద్ధముగా నిలిపిరి. మొదటి నౌక దెబ్బతిన్నచో అందలివారిని దించుకొని వచ్చుటకు! 2009 మే 11వ తేదీన అట్లాంటిస్ నౌక ఏడుగురితో బయలుదేరినది. ఆ యాత్ర వ్యయము 100 కోట్ల డాలర్లకు మించినది. దానితో క్రొత్త పరికరములను అమర్చుట మొదలైన పనులు పెక్కులు జరిగినవి గనుక ఆ మొత్తమును ఈ కెమెరా ఖాతాలోనే వ్రాయుట న్యాయము కాదు. పణమొడ్డిన ఏడు ప్రాణములను ఏ ఖాతాలో వ్రాయవలెనో అదియు తెలియదు.

మే 16వ తేదీన జాన్ గ్రన్స్‌ఫెల్డ్, ఆండ్రూ ఫ్యూస్టెల్ అనువారు నౌకనుండి వెలుపలికి వచ్చిరి. గ్రన్స్‌ఫెల్డ్ స్వయముగా ఖగోళశాస్త్రజ్ఞుడు. హబుల్ చెంతకు పోవుట ఆయనకది మూడవమారు. కెమెరాయేమో ఆకాశమున విప్పుటకని చేసినది కాదు. చెడినచో మొత్తము తీసివేయవచ్చునని చేసినది. దాని మూతకు 32 స్క్రూలు. దళసరి చేతితొడుగులతో ఆ చిన్న స్క్రూలను తీయవలెను. ఒక్కటి జారినను అది తేలిపోయి దూరదర్శిని గర్భమున ఎక్కడ చిక్కుకొనునో తెలియదు. బోర్డుల అంచులు వాడియైనవి. తొడుగు చిరిగినచో ప్రాణాపాయము. అట్టి స్థితిలో మూత విప్పి, నాలుగు సర్క్యూటు బోర్డులను లాగివేసి, క్రొత్తవానిని చొప్పించి, వేరొక విద్యుత్ పరికరమును బిగించిరి. ముఖ్య నేత్రము తెరచుకొన్నది. అదే కెమెరాలో మిక్కిలి సూక్ష్మముగా చూడగలిగిన మరియొక నేత్రము మాత్రము ఎంత ప్రయత్నించినను తెరచుకొనలేదు.

మరునాటి సంగతి కూడ చెప్పదగినది. 2004లో చెడిన మరియొక పరికరమును విప్పుటకు మైకేల్ మాసిమినో, మైకేల్ గుడ్ అనువారు వెడలిరి. దాని మూతకు 111 స్క్రూలు. వానికి ఏర్పాట్లన్నియు చేసికొనియే పోయిరి. కాని ఆ మూతకు అడ్డముగానున్న ఒక చేతిపట్టీ స్క్రూ తల అరిగిపోయి, ఎంత త్రిప్పినను ఊడలేదు. కోట్ల డాలర్ల పనిముట్లు వ్యర్థమైనవి. భూమిమీద ఇంజనీర్లు తమవద్దనున్న నమూనాను విరిచి చూచి, లాగవచ్చునని చెప్పిరి. మాసిమినో ఆ పట్టీని బలముగా లాగి విరిచెను. తుప్పు పట్టిన గొళ్లెమును ఊడబెరుకు పల్లెటూరి వడ్రంగికిని ఆయనకును ఆ క్షణమున భేదము లేదు. ఆ దినమున వారు ఎనిమిది గంటలకు పైగా నౌక వెలుపలనే యుండిరి.

నరము సరే, సిలికాన్ పలకకే దెబ్బ తగిలినప్పుడో? ఆకాశమున అంతటను ప్రసరించు విద్యుత్కణములు పలకను నిత్యము కొట్టుచుండును; ఆ దెబ్బలకు కొన్ని గదులు వెలుగు లేకున్నను ఉన్నదని అబద్ధమాడుట మొదలిడును. వీనికి వేడి గదులని పేరు. హబుల్ కెమెరాలలోని పలకలను సాధారణముగా సున్నకు దిగువ 81 డిగ్రీల చలిలో ఉంచుదురు. నెలకొకమారు ఆ చలిని మాన్పి, సుమారు 20 డిగ్రీల వరకు వెచ్చబడనిత్తురు. పలక ఆ వెచ్చదనమునకు సర్దుకొని, చాలవరకు వేడి గదులు మరల సత్యము పలుకును. అన్నియు కావు. ఎలక్ట్రానులు గదినుండి గదికి జరుగునప్పుడు దారిలో చిక్కుకొను జబ్బు దీనికి నయము కాదు. ఏండ్లు గడచినకొలది నక్షత్రముల వెనుక సన్నని తోకలు కనిపించుచుండును. వానిని భూమిమీద గణితముతో చెరిపివేయవలసినదే.

ఈ వెచ్చదనపు వైద్యమునే గురుగ్రహమువద్ద ప్రయోగించిరి. 2011 ఆగస్టు 5వ తేదీన బయలుదేరి 2016 జూలైలో గురుగ్రహమును చేరిన జూనో నౌకలో, సామాన్య ప్రజలు చూచి ఆనందించుటకని ఒక చిన్న కెమెరాను అమర్చిరి. మిగిలిన సున్నిత యంత్రములకు టైటానియము పెట్టె కవచము కలదు, దీనికి లేదు. గురుగ్రహపు విద్యుత్కణముల వర్షమునకు ఎనిమిది ప్రదక్షిణములు ఓర్చిన చాలునని చేసిరి. అది నలువదికి పైగా ఓర్చినది. 47వ ప్రదక్షిణమున జబ్బు కనిపించినది. 56వదానికి చిత్రములన్నియు దాదాపు గీతలమయమైనవి. విద్యుత్ పీడనమును క్రమపరచు భాగము దెబ్బతిన్నదని శాండియాగోలోని మాలిన్ స్పేస్ సైన్స్ సిస్టమ్స్‌వారు ఊహించిరి. మధ్య దూరము 59 కోట్ల కిలోమీటర్లకు పైగా. ఒక ఆజ్ఞ చేరుటకే అరగంట దాటును. గ్రన్స్‌ఫెల్డ్‌ను పంపు ప్రశ్నయే లేదు. చేతనున్నది కెమెరాకు అంటియున్న ఒకే ఒక చిన్న కొలిమి. మొదటమారు దానితో కెమెరాను 25 డిగ్రీల వరకు వేడిచేసిరి. కొన్ని ప్రదక్షిణములపాటు గుణము కనిపించి, జబ్బు తిరుగబెట్టెను.

అయో అను ఉపగ్రహమును అతి సమీపమునుండి చూచు దినము దగ్గరపడుచుండెను.  కొలిమిని ఎంత వెలుగగలదో అంతయు వెలిగించిరి. మొదటి వారము వచ్చిన చిత్రములలో మేలు అంతంతమాత్రము. పిమ్మట, ఇంక కొలది దినములే మిగిలియుండగా, గీతలు క్రమముగా మాయము కాసాగినవి. 2023 డిసెంబరు 30వ తేదీన జూనో అయోకు 1,500 కిలోమీటర్ల చేరువగా పోయినది. గంధకపు మంచు కప్పిన పర్వతములు, అంతకుముందు పటములకెక్కని అగ్నిపర్వతములు, వానినుండి పారి గడ్డకట్టిన లావా మైదానములు ఆ చిత్రములయందు స్పష్టముగా కనిపించినవి. 74వ ప్రదక్షిణమున చిత్రములలో గీతలు మరల ప్రవేశించినవి.