టైరును తినేసే కోణం

కొత్త టైర్లు వేయించి ఏడాది తిరక్కముందే ముందు టైరు లోపలి అంచు నున్నగా అరిగిపోయిందంటే మెకానిక్ ఒక్క ముక్కలో తేల్చేస్తాడు: "అలైన్‌మెంట్ పోయింది సార్." ఆ మాట అబద్ధం కాదు, కానీ సగమే. అలైన్‌మెంట్ అంటే ఒక్క కొలత కాదు. టో, కాంబర్, కాస్టర్ అనే మూడు వేర్వేరు కోణాలు. మన రోడ్ల మీద తిరిగే చాలా చిన్న కార్లలో వీటిలో మామూలుగా తిప్పి సరిచేయగలిగేది ముందు చక్రాల టో ఒక్కటే. షాపుకి వెళ్లేముందు తెలిసి ఉండాల్సిన సంగతి ఇదే.

కారును పైనుంచి చూస్తున్నామనుకుందాం. ముందు చక్రాల ముందు అంచులు ఒకదానికొకటి దగ్గరగా ఉంటే టో-ఇన్, దూరంగా ఉంటే టో-అవుట్. ఇంజను వెనక చక్రాలను తిప్పే బండ్లలో రోడ్డు రాపిడి ముందు చక్రాలను బయటికి విప్పుతుంది కాబట్టి వాటికి కొంచెం టో-ఇన్ ఇస్తారు. ముందు చక్రాలే లాగే కార్లలో బలం ఎదురు దిక్కున పనిచేస్తుంది కనుక టో దాదాపు సున్నా దగ్గరే ఉంచుతారు. మూడు కోణాల్లో టైరుకి అసలు శత్రువు ఇదే. చక్రం ఉండాల్సిన దిక్కుకి ఒక్క డిగ్రీ పక్కకి తిరిగి ఉన్నా, కారు ఒక కిలోమీటరు వెళ్లేసరికి ఆ టైరు 17 మీటర్లకు పైగా అడ్డంగా ఈడ్చుకుపోయినట్టు లెక్క. విజయవాడలో బయల్దేరి హైదరాబాదు చేరేసరికి అది నాలుగున్నర కిలోమీటర్లు దాటుతుంది! టో-ఇన్ ఎక్కువైతే బయటి అంచు, టో-అవుట్ ఎక్కువైతే లోపలి అంచు అరుగుతాయి. యంత్రం లేకుండానే అనుమానం తీర్చుకోవచ్చు. టైరు మీద అరచేత్తో అడ్డంగా రాయండి. ఒక వైపు నున్నగా జారి, తిరిగి వచ్చేటప్పుడు రంపపు పళ్లలా గరుకుగా తగిలితే టో తప్పినట్టే.

ఎదురుగా నిలబడి చూస్తే కనిపించేది కాంబర్. చక్రం పైభాగం లోపలికి వాలితే నెగటివ్, బయటికి వాలితే పాజిటివ్. మలుపులో కారు బయటికి ఒరిగినప్పుడు కూడా టైరు రోడ్డుకి పూర్తిగా ఆనాలని కొద్దిపాటి నెగటివ్ కాంబర్ ఇస్తారు. మారుతి 800 నుంచి నేటి చిన్న కార్ల దాకా ముందు వైపు కనిపించే మెక్‌ఫర్సన్ స్ట్రట్‌లో స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ ఒకే నిలువు స్తంభంగా ఉంటాయి. 1940ల చివర్లో ఎర్ల్ మెక్‌ఫర్సన్ రూపొందించిన ఈ అమరికకి జాగా, ఖర్చు రెండూ తక్కువ. అయితే పైకొన బాడీకి, కిందికొన చక్రాన్ని మోసే నకిల్ ద్వారా లోయర్ ఆర్మ్‌కి బిగిసి ఉండటంతో చాలా కార్లలో కాంబర్, కాస్టర్ ఫ్యాక్టరీలోనే ఖాయమైపోతాయి. కాబట్టి యంత్రం తెర మీద కాంబర్ ఎర్రగా కనిపిస్తే ఏదో గుంతలో పడి స్ట్రటో, లోయర్ ఆర్మో వంగిందని, లేదా బుష్‌లు పోయాయని అర్థం. కొన్ని షాపుల్లో జాకీలాంటి పనిముట్టు పెట్టి స్ట్రట్‌ని వంచి, అంకెను పచ్చరంగులోకి తెస్తారు. దాన్ని మరమ్మతు అనలేం. పాడైన భాగం అలాగే ఉంటుంది, అంకె మాత్రం మారుతుంది.

కాస్టర్‌ని అర్థం చేసుకోవాలంటే సైకిల్ ముందు ఫోర్కును పక్కనుంచి చూడాలి. హ్యాండిల్ తిరిగే ఇరుసు నిటారుగా ఉండదు, వెనక్కి వాలి ఉంటుంది. ఆ ఇరుసును గీతగా కిందికి పొడిగిస్తే, టైరు నేలని తాకే చోటుకి కాస్త ముందుగా వచ్చి ఆగుతుంది. అందుకే బండి కదులుతుంటే టైరు ఆ గీత వెనకే నడవాలని చూస్తుంది, ఎటు తిప్పినా నిటారు దారికి తిరిగొస్తుంది. కారులోనూ ఇదే సూత్రం. దీనికి ఇంకో సాయం ఉంది. ఎదురుగా చూసినప్పుడు స్టీరింగ్ ఇరుసు లోపలికి కూడా వాలి ఉండటంతో, చక్రాన్ని తిప్పినప్పుడల్లా కారు ముందుభాగం కంటికి కనిపించనంత పైకి లేస్తుంది. మలుపు దాటాక చేతులు వదులు చేస్తే ఆ బరువే స్టీరింగును నడిమికి తెస్తుంది. కాస్టర్ పెంచితే హైవే మీద నిలకడ పెరుగుతుంది కానీ స్టీరింగ్ బరువెక్కుతుంది. రెండు పక్కలా కాస్టర్ సమానంగా లేకపోతే, తక్కువున్న వైపుకి బండి లాగుతుంది.

మలుపులో ఇంకో చిక్కు ఉంది. రెండు ముందు చక్రాలూ ఒకే కోణంలో తిరగకూడదు. ముందు, వెనక చక్రాల మధ్య 2.4 మీటర్లు, ఎడమ కుడి చక్రాల మధ్య 1.4 మీటర్లు ఉన్న కారు మలుపు తీసుకుంటూ, లోపలి వెనక చక్రం 4 మీటర్ల వ్యాసార్ధంతో వృత్తం గీస్తోందనుకోండి. ముందు లోపలి చక్రం 31 డిగ్రీలు తిరగాలి, బయటిదానికి 24 చాలు. ఈ తేడాని కడ్డీల అమరికతోనే సాధించిన ఘనత గుర్రబ్బండ్ల కాలానిది. మ్యూనిక్ బండ్ల తయారీదారు గియోర్గ్ లాంకెన్‌స్పెర్గర్ ఊహించిన పద్ధతికి లండన్‌లో అతని ఏజెంటు రుడాల్ఫ్ ఆకర్మన్ 1818లో పేటెంటు తీసుకున్నాడు. కష్టం ఒకరిది, పేరు ఇంకొకరిది. ఇప్పటికీ అది ఆకర్మన్ స్టీరింగే.

సస్పెన్షన్ సంగతి కూడా దీనితో ముడిపడిందే. బరువు మోసేది స్ప్రింగు (లారీలకైతే కమాను పట్టీలు). షాక్ అబ్జార్బర్ బరువు మోయదు, స్ప్రింగు ఊగకుండా పట్టి ఉంచుతుంది. స్ప్రింగులు నీరసించి కారు కిందికి దిగితే కోణాలూ మారిపోతాయి. అప్పుడు టో ఒక్కటే సరిచేయించడం దండగ.

వణుకుకీ లాగుడుకీ తేడా ఉంది. గంటకి 80, 90 కిలోమీటర్ల దగ్గర స్టీరింగ్ వణికితే ముందు చూపించాల్సింది బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ కాదు. బండి కొద్దిగా ఎడమకి జారుతుంటే కంగారు పడక్కర్లేదు. వాననీరు పోవడానికి రోడ్డు నడుమ ఎత్తు చేసి వేస్తారు, మనం ఎడమ పక్కన నడుపుతాం. గట్టిగా లాగుతుంటే మాత్రం ముందు గాలి చూపించండి. తర్వాత ముందు టైర్లు రెండింటినీ అటూ ఇటూ మార్పించండి. లాగే దిక్కు మారితే తప్పు టైరుదే. ఒకే దిక్కుకి తిరగాలని బాణం గుర్తున్న టైర్లకి మాత్రం ఈ పరీక్ష పనికిరాదు. అలైన్‌మెంట్ దాకా వస్తే, పని మొదలుపెట్టకముందే టై రాడ్ ఎండ్‌లు, బాల్ జాయింట్లు ఆడుతున్నాయేమో చూడమనండి. పనయ్యాక ముందూ తర్వాతా కొలతలున్న కాగితం అడిగి తీసుకోండి. అందులో కాంబర్ అంకె మారి ఉంటే, ఎలా మార్చారో డబ్బు కట్టకముందే అడగండి.