కాగితపు మిల్లులో కుదిరిన గణితం

పాలు పొంగకుండా చూసే కన్ను, సెగ తగ్గించే చెయ్యి, ఎంత తగ్గించాలో తేల్చే బుద్ధి, ఈ మూడింటి పనినీ యంత్రానికి అప్పగించే విద్య స్వయంచాలక నియంత్రణ. వచ్చిన ఫలితాన్ని కొలిచి, కోరిన ఫలితంతో పోల్చి, ఆ తేడాను బట్టి తరువాతి చర్యను దిద్దుకోవడాన్ని ఫీడ్‌బ్యాక్ అంటారు. ఈ విద్యకు అదే ప్రాణం. ఇందులోని గణితాన్ని కర్మాగారంలో పరీక్షకు నిలబెట్టిన ఆచార్యుల్లో స్వీడన్‌కు చెందిన కార్ల్ యోహాన్ ఓస్ట్రోమ్ అగ్రగణ్యులు.

1934లో పుట్టి, 1960లో స్టాక్‌హోమ్‌లో డాక్టరేట్ పొందిన ఓస్ట్రోమ్, మరుసటి ఏడు ఐబీఎం వారి నార్డిక్ ప్రయోగశాలలో చేరి, బిల్లెరుడ్ సంస్థ కాగితపు మిల్లును కంప్యూటరుతో నడిపే పనిలో పాలుపంచుకున్నారు. కాగితానికి చదరపు మీటరుకు ఇన్ని గ్రాములని ఒక బరువు ఉంటుంది. మన ప్రెస్సుల్లో జీఎస్ఎమ్ అనేది దాన్నే. గుజ్జు వాల్వును తిప్పిన ఫలితం, యంత్రం అవతలి కొసన ఆరిన కాగితాన్ని తూచే పరికరానికి చేరేసరికి కొంత సమయం పడుతుంది కాబట్టి, తప్పు కనబడ్డాక దిద్దబోతే అప్పటికే ఆలస్యమవుతుంది. అందుకని రాబోయే తప్పును గత కొలతల నుంచి అంచనా కట్టి, దాన్ని రద్దు చేసేలా వాల్వును ముందే తిప్పడం ఆయన పద్ధతి. కొలతలు సగటు చుట్టూ ఎంతగా చెదిరాయో చెప్పే సంఖ్యను విస్తృతి అంటారు గనుక, దీనికి కనిష్ఠ విస్తృతి నియంత్రణ అని పేరు. చెదురు తగ్గితే సగటు బరువును కనీస హద్దుకు దగ్గరగా దించవచ్చు, గుజ్జు ఆదా అవుతుంది. మిల్లు యజమానికి సమీకరణంతో పనిలేకపోయినా ఈ లెక్క ఇట్టే అర్థమవుతుంది.

1965లో స్వీడన్‌లోని లుండ్‌లో ఆచార్య పదవి చేపట్టి, స్వయంచాలక నియంత్రణ విభాగానికి ఆయన పునాది వేశారు. యంత్రం తీరును నడుస్తుండగానే అంచనా వేసుకుంటూ తన అమరికను తానే మార్చుకునే నియంత్రకంపై బ్యోర్న్ విట్టెన్‌మార్క్‌తో కలిసి 1973లో ప్రచురించిన పత్రం ఆయన కీర్తికి ప్రధాన ఆధారం. అయినా సామాన్య పరిశ్రమకు ఎక్కువ అక్కరకొచ్చింది, 1984లో టోరె హెగ్‌లుండ్‌తో కలిసి వెలువరించిన చిన్న ఉపాయమే అనిపిస్తుంది. కర్మాగారాల్లో సర్వసాధారణమైన పీఐడీ నియంత్రకం ప్రస్తుత తప్పును, పేరుకున్న తప్పును, తప్పు మారే వేగాన్ని మూడు గుణకాలతో తూచి పనిచేస్తుంది. ఆ గుణకాలను కుదర్చడానికి 1942 నాటి జీగ్లర్, నికల్స్ పద్ధతిలో యంత్రాన్ని అదుపు తప్పే అంచుదాకా తీసుకుపోవలసి వచ్చేది. ఓస్ట్రోమ్, హెగ్‌లుండ్ నియంత్రకం స్థానంలో కాసేపు రిలేను, అంటే అటో ఇటో మాత్రమే పడే మీటను పెట్టారు. ఇస్త్రీపెట్టెలో దీపం వెలిగి ఆరుతున్నట్టే వ్యవస్థ హద్దు మీరకుండా లయగా ఊగుతుంది. ఆ ఊగు ఎంత ఎత్తు, ఎంతసేపటికొకటి అన్న రెండు కొలతల నుంచి గుణకాలను లెక్కగట్టవచ్చు. బటన్ నొక్కి కాసేపు ఆగడమే ఆపరేటరు పని.

వ్యవస్థల నమూనాలను కొలతల నుంచి రాబట్టే శాస్త్రంలో పెద్ద పేరు తెచ్చుకున్న లెన్నార్ట్ యుంగ్ ఓస్ట్రోమ్ శిష్యుడే. 1993లో ఓస్ట్రోమ్‌కు ఐఈఈఈ మెడల్ ఆఫ్ ఆనర్ లభించింది. రిచర్డ్ ముర్రేతో కలిసి 2008లో ప్రచురించిన ఫీడ్‌బ్యాక్ పాఠ్యపుస్తకం ఇంజనీర్ల కోసమే కాక జీవశాస్త్రం, భౌతికశాస్త్రం చదివేవారి కోసం కూడా రాసినది. దాన్ని రచయితలు ఎవరైనా ఉచితంగా చదువుకునేలా అందుబాటులో ఉంచారు.