కాలిక్యులేటర్‌లో కోణపు సంఖ్యలు
మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల విద్యార్థులు ఇంటర్మీడియట్ గణితంలో మాప-ఆయామ రూపంగా నేర్చుకునే సంకీర్ణ సంఖ్యలే, ఇంజినీరింగ్‌కు చేరాక ఏకాంతర విద్యుత్ వలయాల లెక్కల్లో మళ్లీ ఎదురవుతాయి. మాపం అంటే మూలబిందువు నుంచి ఉన్న దూరం, ఆయామం అంటే ధన వాస్తవాక్షంతో ఏర్పడే కోణం. కాసియో ఎఫ్ఎక్స్-991ఈఎస్ సైంటిఫిక్ కాలిక్యులేటర్‌ను డిగ్రీల అమరికలో ఉంచి, మోడ్, 2 మీటలతో సంకీర్ణ సంఖ్యల విధానంలోకి వెళ్లి, మాపంగా 2 నమోదు చేసి షిఫ్ట్‌ను, రుణ గుర్తు మీటను నొక్కితే కోణ చిహ్నం వస్తుంది, దాని పక్కన కోణంగా 60 చేర్చితే వాస్తవ భాగం 1గా, కల్పిత భాగం √3గా, అంటే సుమారు 1.732గా జవాబు దొరుకుతుంది. టీఐ-84 గ్రాఫింగ్ కాలిక్యులేటర్‌లో ఆ చిహ్నానికి బదులు ఆయిలర్ సూత్రాన్ని అనుసరించి ఘాతరూపం వాడాలి కాబట్టి, 60 డిగ్రీలను π/3 రేడియన్లుగా మార్చి, కల్పిత ప్రమాణంతో గుణించి e ఘాతంలో రాయాలి. ఈ మార్పును మరిచిపోతే ఫలితాలు తారుమారవుతాయి. మాప-ఆయామ రూపం, అంటే ధ్రువ రూపం, అసలు సౌలభ్యం గుణకారంలో తెలుస్తుంది: మాపాలను గుణించి, కోణాలను కూడితే చాలు.