ఒక ఖాళీ – రెండు పేర్లు

లినక్స్ కంప్యూటరులో ‘మార్కులు’, ‘పాత మార్కులు’ అని రెండు ఫైళ్లున్నాయనుకోండి. రెండోది అక్కరలేదు. తుడిచివేసే ‘ఆర్‌ఎం’ ఆజ్ఞ పక్కన పాత మార్కులు అని టైపు చేశారు. ఏమవుతుంది? కావలసిన ‘మార్కులు’ ఫైలే మాయమవుతుంది!

కారణం చూద్దాం. మన ఆజ్ఞను ముందుగా చదివేది ‘షెల్’ అనే ప్రోగ్రాము. ఖాళీ కనబడినచోట అది మాటలను విడదీస్తుంది. అందుకే ఒక పేరు రెండయింది. ‘పాత’ అనే ఫైలు లేదు. ‘మార్కులు’ ఉంది, పోయింది.

నివారణ సులువే. పేరును ఒంటి కొటేషన్ గుర్తుల మధ్య ఉంచితే షెల్ దాన్ని ఉన్నదున్నట్టే తీసుకుంటుంది. జంట గుర్తులూ ఖాళీని కాపాడతాయి; కాని లోపల డాలరు గుర్తుతో మొదలయ్యే పేరుంటే, అక్కడ దాని విలువ వచ్చి చేరుతుంది. ఒక్క ఖాళీకే రక్షణ కావాలంటే దాని ముందు వెనక్కి వాలిన గీత చాలు.

‘ఆర్‌ఎం’ తుడిచినది చెత్తబుట్టలోకి పోదు. కనుక ముందు ‘ఎల్‌ఎస్’ ఆజ్ఞతో అదే పేరు రాసి, ఏ ఫైలు కనబడుతుందో చూసుకోండి.